ఏడుకొండలు తెచ్చిపెట్టిన వంద మార్కులు

ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ఏడుకొండలు అనే సూపర్‌వైజర్ ఉండేవాడు. ఎదుటివాళ్లు తడబడుతుంటే రెండు నిమిషాలు ఓపిక పట్టలేక, ఆ పని లాక్కుని తనే చేసిపెట్టేయడం అతని లోపం.

ఇదీ ఒక లోపమేనా అని మీరు అడగవచ్చు. ఆ ఊళ్లో కూడా ఎవరూ దీన్ని లోపం అనుకోలేదు, పైగా మెచ్చుకునేవారు. ఎవరికైనా మాస్కు ముడి పడకపోతే ఏడుకొండలు వచ్చి కట్టేవాడు. అట్టపెట్టెకు టేపు వంకరగా పడితే పీకి తనే అంటించేవాడు. ఇంట్లో కూతురి డ్రాయింగు హోంవర్కు కూడా అతనే వేసేవాడు. ఆ పిల్ల ఏడో తరగతికి వచ్చినా ఏనుగు బొమ్మ వేయడం రాదు, స్కూల్లో మాత్రం బొమ్మల పోటీలో బహుమతి వచ్చింది. ఇలాంటి మనిషిని చెడ్డవాడని ఎలా అంటాం? నేనూ అనను. కానీ జరిగింది వినండి.

అతని కింద ఇరవై ఆరు మంది ఆడవాళ్లు పనిచేసేవారు. సగం మంది రొయ్యలను సైజుల వారీగా ఏరేవారు. మిగతావాళ్లు ప్యాకింగు చూసేవారు. ఏరే పని ఎనిమిది గంటలూ ఐసు నీళ్లలోనే. రబ్బరు తొడుగులు వేసుకున్నా చలి ఎముకల్లోకి దిగేది. సాయంత్రానికి వేళ్లు నాని ముడతలు పడిపోయేవి.

పూర్వం ఆ ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లను పాతవాళ్ల పక్కన నిలబెట్టేవారు. వాళ్లు పది రోజులు చూసి, ఇంకో పది రోజులు తిట్లు తిని పని నేర్చుకునేవారు. ఆ ఏడు పద్ధతి మారింది. పాఠాలన్నీ ఫోనులోకి వచ్చేశాయి. ఐదు నిమిషాల వీడియో, దాని కింద పది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. సరైనవి నొక్కితే పేరుతో సర్టిఫికెట్ వచ్చేది. ఈ పాఠాల సంగతి చూడటానికి ప్రణీత అనే మేడమ్ విశాఖపట్నం నుంచి నెలకోసారి వచ్చేది. చదువుకున్న పిల్ల, ఉత్సాహం ఉన్న పిల్ల. క్యాంటీను గోడకు పెద్ద బోర్డు పెట్టించి అందరి పేర్లూ రాయించింది. పాఠాలు గట్టెక్కినవాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ చుక్క, మిగిలినవాళ్ల పేరు పక్కన ఎర్ర చుక్క. "రోజుకు ఐదు నిమిషాలు చాలండి. ఇంటికెళ్లాక అన్నం ఉడికేలోపు అయిపోతుంది" అని చెప్పింది. అన్నం ఉడికేలోపు ఆ ఆడవాళ్లు ఇంకా ఎన్ని పనులు చక్కబెట్టుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు టీ విరామంలో అందరూ క్యాంటీనులో ఫోన్లు తీశారు. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. ఐసు నీళ్లలో నానిన వేళ్లను ఫోను తెర గుర్తుపట్టదు. సలోమి అనే అమ్మాయి ఒకే జవాబును ఏడుసార్లు నొక్కింది. చేతులు తుడుచుకుంది, నోటితో ఊదుకుంది, మళ్లీ నొక్కింది. పక్కనే నిలబడ్డ ఏడుకొండలుకు చేతులు ఊరుకోలేదు.

"ఇటివ్వమ్మాయ్" అని ఫోను తీసుకుని టకటకా నొక్కేశాడు. పదికి పది. సలోమి పేరుతో వంద మార్కుల సర్టిఫికెట్ వచ్చింది.

"అమ్మయ్య, బతికించారు అన్నయ్యా" అంది సలోమి.

ఆ మాట విన్న మిగతావాళ్లు ఊరుకుంటారా? వారం తిరిగేసరికి టీ వేళకు ఒక నీలం క్రేటు క్యాంటీనులోకి వచ్చేది. అందరూ అందులో ఫోన్లు వేసి నిశ్చింతగా టీ తాగేవారు. ఏడుకొండలు తన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఒక్కో ఫోనే తీసి పాఠం ముగించేవాడు. మొదటి నాలుగు ఫోన్లకు ప్రశ్నలు చదివేవాడు. తర్వాత చదవనక్కర్లేకపోయింది. రెండోది, నాలుగోది, ఒకటోది, మళ్లీ ఒకటోది, మూడోది అని జవాబుల వరుస అతని నోటికి వచ్చేసింది.

ఒక్క నూకరత్నం మాత్రం ఫోను ఇవ్వలేదు. ఆమెకు యాభై దాటాయి. ఐదో తరగతితో బడి మానేసి, కూడబలుక్కుని చదివే మనిషి.

"ఇలా పడెయ్ పిన్నీ, నిమిషంలో అయిపోద్ది" అన్నాడు ఏడుకొండలు.

"పాఠం నాది కదా బాబూ. నువ్వు చదివితే నాకెలా వత్తాది?" అంది నూకరత్నం.

"వచ్చినా రాకపోయినా చుక్క పచ్చగా ఉంటాది కదా."

"చుక్కనేం చేసుకోను బాబూ? నాకో సంగతి చెప్పు. ఆ మెషీనుకి గంటగంటకీ పుల్లలు పెట్టి చూడాలంట, ఎందుకంటావ్?"

ఆమె అడిగింది మెటల్ డిటెక్టర్ గురించి. రొయ్యల పెట్టెలు మూసేశాక బెల్టు మీద దాని లోంచి వెళతాయి. ఏ పెట్టెలోనైనా కత్తి ముక్కో సూది ముక్కో పడి ఉంటే మెషీను కూత పెడుతుంది. ఆ రోజు ప్యాకింగులో హడావుడిగా ఉంది. "అదంతే పిన్నీ, రూలు" అని ఏడుకొండలు వెళ్లిపోయాడు.

నూకరత్నం అంతటితో వదలలేదు. బస్సులో ఆ వీడియో మూడుసార్లు చూసింది. అర్థం కాక మెకానిక్కుని అడిగింది. భోజనాల వేళ మెషీను పక్కన నిలబడి చూసింది. ఇంత చేసి, అరగంట కూర్చుని ప్రశ్నలకు జవాబులు నొక్కితే పదికి నాలుగే వచ్చాయి. క్యాంటీను బోర్డు మీద పాతిక ఆకుపచ్చ చుక్కల మధ్య ఆమెదొక్కటే ఎర్ర చుక్క. ఏడుకొండలుకు అది కంట్లో నలుసైంది. ప్రణీత మేడమ్ అందరికీ స్వీటు పెట్టి, "మొత్తం కంపెనీలో మీ సెక్షనే ముందుందండి. ఆ ఒక్కావిడ కూడా పూర్తి చేస్తే బాగుండును" అంది. నూకరత్నం తన వంతు లడ్డూ తీసుకుని, కాగితంలో చుట్టి మనవరాలికి దాచుకుంది.

నెల రోజుల తర్వాత మెటల్ డిటెక్టర్ దగ్గర పనిచేసే మనిషి మానేసింది. ఆ చోటుకు ఎవర్ని పెట్టాలో కంప్యూటర్ చూసి చెప్పారు. సలోమికి ఆ పాఠంలో నూటికి నూరు ఉన్నాయి కాబట్టి ఆమెకే ఇచ్చారు. సలోమి సంతోషం అంతా ఇంతా కాదు. చలికాలం వస్తే ఆ పిల్ల వేళ్లు పగిలి నెత్తురు వచ్చేది. ఐసు నీళ్ల బల్ల దగ్గర నుంచి ఎప్పుడు బయటపడతానా అని రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. ఇంట్లో ఆమె జీతమే ఆధారం.

అయినా మొదటి రోజే వచ్చి నిజం చెప్పింది. "అన్నయ్యా, నాకు ఈ మెషీను సంగతి ఏమీ తెలీదండి."

ఏడుకొండలు అప్పుడు ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ లారీ వచ్చి నిలబడింది, అవతల ఎవరో పిలుస్తున్నారు. "ఏముందమ్మాయ్, కూత పెడితే పెట్టె పక్కకి తియ్యి. పెట్టకపోతే వదిలెయ్. గంటకోసారి ఈ మూడు పుల్లలూ పంపించి రిజిస్టర్లో రాసెయ్" అన్నాడు.

ఆ మూడు పుల్లలు ప్లాస్టిక్‌వి. ఒకదానిలో ఇనుప పూస, ఒకదానిలో ఇత్తడి పూస, ఇంకోదానిలో స్టీలు పూస దాచి ఉంటాయి. వాటిని పంపినప్పుడల్లా మెషీను కూత పెట్టి తీరాలి. పెట్టకపోతే మెషీను పాడైందని అర్థం. ఏడుకొండలు ఈ ముక్క చెప్పలేదు.

సలోమి చెప్పింది చెప్పినట్టు చేసింది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒక మంగళవారం పదకొండు గంటలకు ఆమె పుల్లలు పంపింది. మొదటి రెండింటికీ మెషీను కూత పెట్టింది. స్టీలు పుల్ల మాత్రం చప్పుడు లేకుండా అవతలికి వెళ్లిపోయింది. సలోమి రిజిస్టర్లో ఒక్క అక్షరం దాచకుండా, "స్టీలు పుల్ల: శబ్దం లేదు. బాగుంది" అని రాసింది. పన్నెండు గంటలకూ అదే రాసింది. ఆ రోజు ఓడకు అందవలసిన సరుకు ఉండటంతో పెట్టెలు పెట్టెలుగా కంటైనర్‌లోకి ఎక్కిపోయాయి. పన్నెండున్నరకు కంటైనర్ తలుపులు మూసి, సీలు వేసి పంపేశారు.

ఒంటి గంటకు నూకరత్నం భోజనానికి వెళుతూ అటుగా వచ్చింది. సలోమి స్టీలు పుల్ల పంపడం చూసి ఆగిపోయింది.

"అది అరవలేదేంటమ్మా?"

"అరవకపోతే మంచిదే కదా పిన్నీ? ఏమీ లేదన్నమాట."

"పెట్టెకి అరవకపోతే మంచిదమ్మా. పుల్లకి అరవాలి. అది మనం కావాలని పంపిన దొంగ. దొంగ పక్కనుంచి పోతంటే మొరగని కుక్క ఇంటికి కాపలా కాత్తదా? ఎప్పట్నించి ఇలా ఉంది?"

సలోమి రిజిస్టర్ తిప్పి చూసింది. "పదకొండు నించి పిన్నీ."

నూకరత్నం వెంటనే చెయ్యి చాపి ఎర్ర బటన్ నొక్కింది. బెల్టు ఆగిపోయింది. ఏడుకొండలు పరుగెత్తుకొచ్చి, "ఎవరు ఆపమన్నారు?" అని గదమాయించాడు. నూకరత్నం స్టీలు పుల్ల అతని చేతిలో పెట్టింది. అతనే మెషీనులోంచి పంపాడు. చప్పుడు లేదు. మళ్లీ పంపాడు. అప్పుడూ లేదు.

కంటైనర్ డ్రైవర్‌కు ఫోను చేసి దారిలోంచి వెనక్కి రప్పించారు. మెకానిక్కు మెషీను బాగుచేశాడు. మెషీను చివరిసారి సరిగ్గా కూసింది పదింటికి కాబట్టి, ఆ తర్వాత మూసిన ప్రతి పెట్టెనూ దించి మళ్లీ బెల్టు మీదికి పంపారు. నూట ఎనభై ఏడో పెట్టె దగ్గర మెషీను కూత పెట్టింది. విప్పి చూస్తే రొయ్య వీపు చీల్చే చిన్న కత్తి మొన, నూకగింజంత ఉంది. అది ఏ దేశంలో ఏ పిల్లవాడి గొంతులో ఇరుక్కునేదో. దాన్ని తెల్లటి పళ్లెంలో పెట్టి అందరికీ చూపించారు.

మర్నాడు మేనేజరు రంగనాయకులు సలోమినీ, నూకరత్నాన్నీ, ఏడుకొండలునూ తన గదికి పిలిచాడు. ఆయన మంచివాడే, కానీ రూలు దగ్గర మాత్రం గీత దాటడు. కంప్యూటర్ తెరిచి చూశాడు.

"ఏమ్మా సలోమీ, పుల్లకి మెషీను అరవకపోతే బెల్టు ఆపాలని నీకు తెలీదా?"

"తెలీదండి."

"తెలీకపోతే నూటికి నూరు ఎలా వచ్చాయి? ఇదిగో నీ పేరు, నీ సర్టిఫికెట్, తారీకుతో సహా. చూడమ్మా, తెలియక తప్పు చేస్తే నేర్పిస్తాం. నేర్చుకున్నాక కూడా చేస్తే అది నిర్లక్ష్యం, ఇంటికి పంపేస్తాం. ఇది నేను పెట్టిన రూలు కాదు."

సలోమి తలవంచుకుని నిలబడింది. ఒక్క మాట చెబితే బయటపడేది. కానీ తన చేతులు నొప్పి పుడుతున్నప్పుడు సాయం చేసిన మనిషిని పట్టించడానికి ఆ పిల్లకు మనసు ఒప్పలేదు. కళ్లనీళ్లు నేల మీద పడుతున్నా తుడుచుకోలేదు. నూకరత్నం ఏడుకొండలు వైపు చూసింది.

వచ్చే నెల అసిస్టెంట్ మేనేజరు పోస్టుకు ఏడుకొండలు పేరు వెళ్లి ఉంది. ఊరుకుంటే అంతా సర్దుకుపోతుంది. కానీ తను చేసింది ఏమిటో అతనికి అప్పుడు తెలిసివచ్చింది. తను ఆ ఫోను నొక్కకుండా ఉంటే సలోమి పేరు పక్కన ఎర్ర చుక్కే ఉండేది. అప్పుడు ఆమెను మెషీను దగ్గర పెట్టేవారే కాదు. ఒకవేళ పెట్టినా, నాకు నేర్పలేదండి అని చెప్పుకునే దారి ఉండేది. ఆమెకున్న ఆ ఒక్క దారినీ తనే మూసేశాడు. సాయం చేశాననుకుంటూ మూసేశాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సార్, ఆ వంద మార్కులు నావండి" అన్నాడు.

మేనేజరు కళ్లజోడు తీశాడు. "అంటే?"

"ఆ అమ్మాయి ఫోను నేనే నొక్కానండి. ఒక్క సలోమిదే కాదండి, పాతిక మందివీ నేనే నొక్కాను. రత్నం పిన్ని ఒక్కావిడే ఇవ్వలేదండి. మెషీను సంగతి తెలీదని సలోమి వచ్చి అడిగినా నేను సరిగ్గా చెప్పలేదండి."

రంగనాయకులు కళ్లజోడు బల్ల మీద పెట్టాడు. "పాతికసార్లు చదివావన్నమాట. పోనీ నీకైనా వచ్చాయా? కోల్డ్ రూములో గ్యాసు లీకైతే ముందు ఏం చెయ్యాలి?"

ఏడుకొండలు వెంటనే నోరు తెరిచాడు. "రెండోదండి" అన్నాడు.

"రెండోది ఏమిటి?"

రెండో జవాబులో ఏముందో అతనికి ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గోడకు అవతల కోల్డ్ రూముకు చలినిచ్చే అమ్మోనియా గ్యాసు గొట్టాలు ఉన్నాయి, లోపల రెండు వందల మంది పనిచేస్తున్నారు. రంగనాయకులు నుదురు తుడుచుకున్నాడు.

ఏడుకొండలు సూపర్‌వైజర్ పని ఆరు నెలల పాటు పోయింది. అసిస్టెంట్ మేనేజరు పోస్టు వేరొకరికి వెళ్లింది. సలోమి ఉద్యోగం నిలిచింది గానీ, మెషీను పని నేర్చుకునేదాకా మళ్లీ ఐసు నీళ్ల బల్ల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. తప్పు తన చేతిది కాకపోయినా చలి మాత్రం ఆ చేతులకే తగిలింది. ఏడుకొండలు అటు వెళ్లినప్పుడల్లా ఆమె వేళ్ల వైపు చూడలేకపోయేవాడు.

సంగతి తెలిసి ప్రణీత మేడమ్ విశాఖపట్నం నుంచి వచ్చింది. బోర్డు ముందు నిలబడి ఆకుపచ్చ చుక్కలన్నీ తన చేత్తోనే చెరిపేసింది. "నాదీ తప్పేనండి. చుక్కలు చూసుకుని మురిసిపోయాను, మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అని అందరి ముందూ ఒప్పుకుంది. తర్వాత నూకరత్నం పక్కన బల్ల మీద కూర్చుని, "మీరెలా నేర్చుకున్నారండీ?" అని అడిగింది.

"నేర్చుకోడానికేముందమ్మా? చూశాను, అర్థం కాలేదు. అడిగాను. మళ్లీ చూశాను. అన్నీ చేస్తే నాలుగొచ్చాయి. ఆ నాలుగూ నావే" అంది నూకరత్నం.

అప్పటి నుంచి ఫోను పాఠాలు ఉన్నాయి గానీ, వాటితో సరిపెట్టడం మానేశారు. ప్రతి మంగళవారం పని వేళల్లోనే అరగంట పనాపి, చేతులు గోరువెచ్చని నీళ్లలో కడుక్కుని, మెషీన్ల దగ్గరే నిలబడి నేర్చుకునేవారు. పక్కన ఒక పాత మనిషి ఉండి, కొత్తవాళ్లు పని చేసి చూపిస్తేనే చుక్క పెట్టేది. మెటల్ డిటెక్టర్ దగ్గర నూకరత్నమే నేర్పేది. నేర్చుకునేవాళ్ల వరుసలో ఏడుకొండలు కూడా నిలబడేవాడు.

ఐదు వారాల తర్వాత సలోమిని పరీక్షించారు. మెకానిక్కు ఆమెకు తెలియకుండా మెషీనులో ఒక సెట్టింగు మార్చాడు. సలోమి ఇనుప పుల్ల పంపింది, కూత వచ్చింది. ఇత్తడి పుల్లకూ వచ్చింది. స్టీలు పుల్లకు రాలేదు. ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఏం చేయాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. క్షణాలు గడుస్తున్నాయి. పక్కన నిలబడ్డ ఏడుకొండలు చెయ్యి తనంతట తనే ఎర్ర బటన్ వైపు సాగింది.

"చేతులు, బాబూ" అంది నూకరత్నం నెమ్మదిగా.

ఏడుకొండలు చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదానితో ఇంకోదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అంతకంటే కష్టమైన పని అతను ఆ ఫ్యాక్టరీలో ఎన్నడూ చేయలేదు. అప్పుడు సలోమి ముందుకు వంగి బటన్ నొక్కింది. బెల్టు ఆగింది. రిజిస్టర్ తీసి మెషీను చివరిసారి బాగున్న గంట ఏదో చూసింది. ఆ తర్వాత మూసిన పెట్టెలు ముప్ఫై ఒకటి ఉన్నాయి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు చేర్చి చుట్టూ ఎర్ర తాడు కట్టింది. ఇంతసేపూ ఎవరూ ఆమెకు ఒక్క మాట అందించలేదు.

"ఇంకేమైనా మర్చిపోయానా పిన్నీ?" అని అడిగింది.

"రాయడం మర్చిపోయావు."

సలోమి నవ్వి రిజిస్టర్లో రాసింది. ఆమె వేళ్లు పొడిగా ఉన్నాయి. మర్నాటి నుంచి ఆ మెషీను ఆమెదే.

ఆ ఆదివారం ఏడుకొండలు కూతురు ఏనుగు బొమ్మ వేసింది. తొండం పొట్లకాయలా వచ్చింది, కాళ్లు ఐదున్నాయి. "నాన్నా, నువ్వు వెయ్యవా?" అని అడిగింది. ఏడుకొండలు చేతులు వెనక్కి పెట్టుకుని, "కాళ్లు లెక్కపెట్టుకో తల్లీ" అని మాత్రం అన్నాడు. ఆ పిల్ల లెక్కపెట్టుకుని, ఒక కాలు చెరిపేసింది.

ఎదుటివాళ్ల పని ఒక పూట చేసిపెడితే అది సాయమే అవుతుంది, కానీ వాళ్లు నేర్చుకోవలసిన పాఠాన్ని వాళ్ల బదులు మనం చదివేస్తే వాళ్ల నోటి దగ్గర కూడు తీసేసినట్టే.